సవరణ: డీఎన్‌ఏజ్ తర్వాత వేడికి ముందు ఈడీటీఏ

తిరుపతి వేరుశనగ ఆకుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసే పద్ధతి మీద వచ్చిన పోస్టులో, డీఎన్‌ఏజ్ (ఆర్‌ఎన్‌ఏలో కలిసిపోయిన డీఎన్‌ఏను కోసేసే ఎంజైము) పని అయ్యాక, దాన్ని ఆపడానికి ట్యూబును నేరుగా 65 డిగ్రీలకు పెట్టమని ఉంది. అలా పెట్టొద్దు. డీఎన్‌ఏజ్‌తో పాటు వేసే బఫర్ ద్రావణంలో మెగ్నీషియం ఉంటుంది, ఆ వేడిలో అది ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసేస్తుంది. 1 మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏకి 1 యూనిట్ డీఎన్‌ఏజ్, మొత్తం 10 మైక్రోలీటర్లు, 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. ఆ తర్వాత మెగ్నీషియంను పట్టి ఉంచే ఈడీటీఏ (50 మిల్లీమోలార్) 1 మైక్రోలీటరు కలిపి, అప్పుడే 65 డిగ్రీల్లో 10 నిమిషాలు.

260/280 నిష్పత్తి (260, 280 నానోమీటర్ల కాంతిని శాంపిల్ ఎంత పీల్చుకుందో పోల్చి శుద్ధత చెప్పే కొలత) 2.0 వచ్చిందని మురిసిపోకండి, ముక్కలైన ఆర్‌ఎన్‌ఏకీ అదే వస్తుంది. ఆర్‌ఎన్‌ఏను సైజు వారీగా విడదీసే జెల్ వేసి చూడాల్సిందే. పైన రెండు రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ బ్యాండ్లు (గీతలు) స్పష్టంగా కనబడాలి. ఆకు కాబట్టి క్లోరోప్లాస్టు ఆర్‌ఎన్‌ఏ బ్యాండ్లు కూడా వాటి కింద పడతాయి, వాటిని చూసి శాంపిల్ పారబోయకండి. బ్యాండ్లు లేకుండా కిందంతా పొగలా పరుచుకుంటేనే చెడిపోయినట్టు.