డ్రాఫ్ట్ సరిగ్గా జరిగితేనే లీగ్ నిలబడేది

సంక్రాంతి దగ్గర పడితే హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లోనో, బెంగళూరు నుంచి బస్సులోనో విశాఖ చేరే కుర్రాళ్ళలో చాలామంది ఇప్పుడు ముప్పై దాటినవాళ్ళు. చిన్నప్పుడు అక్కయ్యపాలెం, గాజువాక నెట్ సెంటర్లలోనో, ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఎవరింట్లో కంప్యూటర్ ఉంటే వాళ్ళింట్లోనో కలిసి ఆడిన ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07ని వీళ్ళు మళ్ళీ తెరుస్తున్నారు. 2006 నవంబరులో వచ్చిన ఆ గేమ్‌తోనే ఈఏ క్రికెట్ వరస ఆగిపోయింది. రిచీ బెనో, మార్క్ నికొలస్ వ్యాఖ్యానం వింటూ దాన్ని ఆడినవాళ్ళకి ఆ తర్వాత వచ్చిన ఏ క్రికెట్ గేమూ ఆనలేదు. అయితే ఒకరు ఇండియా, ఇంకొకరు ఆస్ట్రేలియా తీసుకుని ఆడేస్తే గంటలో మొహం మొత్తుతుంది. అందుకే ప్రపంచంలోని ఆటగాళ్ళందరినీ ఒక్క కుప్పగా పోసి, వంతులవారీగా పంచుకుని, ఎవరి జట్టు వాళ్ళు కట్టుకుని ఆడే డ్రాఫ్ట్ లీగ్ మీదికి మనసు పోతుంది.

ఆలోచన బాగుంటుంది, మొదలూ బాగుంటుంది. కనుమ నాటికి సగం మంది అలిగి కూర్చుంటారు. కారణం ఆటలో ఓడిపోవడం అనుకుంటారు గానీ, చాలాసార్లు లీగ్ చెడిపోయేది మొదటి మ్యాచ్‌కి ముందే. ఎవరికి ఏ ఆటగాడు ఎలా దక్కాడన్న దగ్గర అన్యాయం జరిగిందనిపిస్తే, తర్వాత ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా ఓడినా ఆ మాటే నలుగుతూ ఉంటుంది.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. ఇలా ఆటగాళ్ళని ఎంచుకుని సొంత జట్టు కట్టుకునే ఫాంటసీ అనగానే మనకి యాప్, పందెం గుర్తొస్తాయి. 1980లో న్యూయార్క్‌లో కొందరు స్నేహితులు బేస్‌బాల్ ఆటగాళ్ళని వేలంలో పంచుకుని రొటిస్సెరీ లీగ్ పెట్టినప్పుడు అది నలుగురు కూర్చుని చేసుకున్న కాలక్షేపం. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ మనీ గేమ్‌లని నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చాక డబ్బు కట్టి ఆడే ఫాంటసీ పోటీలు మూతపడ్డాయి. స్నేహితుల లీగ్‌లో ప్రైజ్ మనీ పెట్టకపోవడమే మంచిది. తిండి, కరెంటు, గేమ్ ప్యాడ్ల ఖర్చు తలా సమానంగా వేసుకుంటే చాలు. ఓడినవాడు కట్టాలి అన్న క్షణం నుంచీ ప్రతి ఎల్బీడబ్ల్యూ మీదా గొడవే.

ఇక అసలు పని. మొట్టమొదట ఖాయం చేయాల్సింది రోస్టర్ ఫైల్, అంటే జట్లు, ఆటగాళ్ళ పేర్లు, వాళ్ళ సామర్థ్యం అంకెలు ఉండే ఫైల్. లైసెన్సు లేకపోవడంతో ఈ గేమ్‌లో మన జట్టు ఆటగాళ్ళకి అసలు పేర్లు ఉండవు. వాటిని సరిచేయడానికి అభిమానులు తయారుచేసిన రోస్టర్లు, ఎడిటర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. ప్రమాదమూ అక్కడే ఉంది. పేర్లు మార్చిన చేత్తోనే కొందరు సామర్థ్యం అంకెలు కూడా మార్చేస్తారు. కొత్త ఐపీఎల్ ఆటగాళ్ళని చేర్చిన రోస్టర్లలో తయారుచేసినవాడి అభిమానమే అంకెల్లో కనిపిస్తుంది. అందుకని 2006–07 నాటి జట్లే ఉంచాలి, పేర్లు సరిచేయాలి, అంకెల జోలికి పోకూడదు. డ్రాఫ్ట్‌కి కనీసం వారం ముందు ఆ ఫైల్ అందరికీ పంపాలి. ఎవరి అంకెలు ఎంతో ముందే చూసుకునే అవకాశం అందరికీ ఒకేలా ఉండాలి. ఫైల్ చేసినవాడికే అన్నీ తెలిస్తే అది డ్రాఫ్ట్ కాదు, ముందే పేపర్ లీకైన పరీక్ష.

లీగ్‌లో ఎనిమిది మంది ఉన్నారనుకుందాం. డ్రాఫ్ట్ అయ్యాక ఎనిమిది మందికీ ఎనిమిది దేశాల స్థానాలు కేటాయించి, ఎంచుకున్న ఆటగాళ్ళని ఆయా స్థానాల్లోకి ఎక్కించి, ఆ ఫైల్‌ని కొత్త పేరుతో సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు ఉంచాలి. గేమ్ తన ఫైళ్ళని డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో వెతుక్కుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ఫోల్డర్‌ని మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్ తన కిందకి మార్చుకోవడం వల్ల ఫైల్ ఒకచోట, గేమ్ చూసే చోటు ఇంకొకటి అవుతాయి. ‘రోస్టర్ పెట్టాను, రావట్లేదు’ అన్నప్పుడు ముందు చూడాల్సింది అదే.

వేలమా, డ్రాఫ్టా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. 2008 నుంచీ ఐపీఎల్ వేలం చూసి పెరిగినవాళ్ళం కదా, తలా వంద పాయింట్లు ఇచ్చి వేలం పెడదామంటారు. నా మాట అడిగితే వద్దు. వేలంలో మొదటి అరగంట ఉత్సాహంలో ధరలు ఎగబాకుతాయి, ఇద్దరు ముగ్గురి సంచి ఖాళీ అవుతుంది, చివరి ఆరేడు స్థానాలు వాళ్ళు మిగిలిన తాలు గింజలతో నింపుకోవాలి. అలాంటివాడు రెండో రోజుకి ఫోన్ ఎత్తడు. పైగా వేలంలో నోరున్నవాడిదే రాజ్యం.

పాము వరస డ్రాఫ్ట్‌లో ఆ బాధ ఉండదు. మొదటి రౌండ్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా వెళ్ళి, రెండో రౌండ్‌లో ఎనిమిది నుంచి ఒకటికి వెనక్కి రావడమే ఇందులో కిటుకు. మొదటివాడికి 1, 16, 17 వంతులు వస్తాయి, చివరివాడికి 8, 9, 24 వస్తాయి. మొదటి రెండు రౌండ్లు కలిపితే ఎవరి వంతుల మొత్తమైనా 17. నేరుగా ప్రతిసారీ ఒకటి నుంచే మొదలుపెడితే చివరివాడు ప్రతి రౌండ్‌లోనూ ఏడడుగులు వెనకే ఉంటాడు. పాము వరసలో మధ్యవాళ్ళకి ఒక చిక్కు ఉంది. చివర కూర్చున్నవాడు ఒకేసారి ఇద్దరిని పట్టుకుపోతాడు కాబట్టి, మంచి కీపర్లు అయిపోతున్నారనో, ఫాస్ట్ బౌలర్లు తరిగిపోతున్నారనో ముందే పసిగట్టాలి. అది అన్యాయం కాదు, అందులోనే ఆట ఉంది.

పదకొండు మందీ, అదనంగా ముగ్గురూ కలిపి జట్టుకి 14 మంది. ఎనిమిది జట్లకి 112 వంతులు. మొదటి మూడు రౌండ్లకి వంతుకి 90 సెకన్లు, మిగతావాటికి 45 సెకన్లు పెడితే సరిగ్గా 102 నిమిషాల్లో అయిపోతుంది. సమయం దాటితే ఏమవుతుందో ముందే రాసి ఉండాలి. మనిషి ముందుగా ఇచ్చిన జాబితాలో మిగిలినవాళ్ళలో పైవాడు దక్కుతాడు, జాబితా ఇవ్వకపోతే రౌండ్ చివరికి వెళ్ళాలి. అప్పటికప్పుడు ‘పోన్లేరా, ఇంకో నిమిషం’ అని ఒకరికి ఇస్తే ఎనిమిది మందికీ ఇవ్వాలి. వరస కోసం చీటీలు తీయడం కూడా అందరి ఎదుటే జరగాలి, డ్రాఫ్ట్‌కి రెండు రోజుల ముందే జరగాలి. తన వంతు తెలిస్తేనే మనిషి లెక్క వేసుకుంటాడు.

ఎవరిని ముందు తీసుకోవాలి? ఇక్కడ చాలామంది క్రికెట్ చూసినట్టు గేమ్‌ని చూసి పొరబడతారు. విశాఖలో కూర్చుని డ్రాఫ్ట్ చేస్తున్నప్పుడు ధోనీ మీద మోజు సహజం. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148 కొట్టింది మన పీఎం పాలెం స్టేడియంలోనే. ఆ రోజు గుర్తున్నవాడు మొదటి వంతే ధోనీకి ఖర్చు పెట్టేస్తాడు. మనసు ఒప్పుకుంటుంది గానీ లెక్క ఒప్పుకోదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఆడేటప్పుడు షాట్ టైమింగ్ ఆడేవాడి వేళ్ళలో ఉంటుంది. పెద్ద బ్యాటర్‌కీ ఓ మోస్తరు బ్యాటర్‌కీ తేడా కంప్యూటర్‌ని ప్రత్యర్థిగా పెట్టుకుని ఆడినప్పుడంత కనిపించదు. బౌలర్ వేగం మాత్రం ఎదుటివాడి వేళ్ళకి తెలుస్తుంది. నిజం మైదానంలో లెక్క చూడండి. బౌలర్ చేతి నుంచి బ్యాటర్ దాకా దాదాపు 17.7 మీటర్లు. వేగం తగ్గడం పక్కన పెడితే గంటకి 145 కిలోమీటర్ల బంతికి 0.44 సెకన్లు, 85 కిలోమీటర్ల స్పిన్‌కి 0.75 సెకన్లు. తెర మీద కూడా తేడా ఆ దారిలోనే నడుస్తుంది. అందుకని బ్రెట్ లీ, షోయబ్ అక్తర్, షేన్ బాండ్ లాంటివాళ్ళు మొదటి రౌండ్ సరుకు.

పైగా ఐదు ఓవర్ల మ్యాచ్ అంటే ఒక్కో బౌలర్‌కి ఒక్క ఓవరే. పరిమిత ఓవర్లలో ఒక బౌలర్ ఐదో వంతుకి మించి వేయకూడదన్న నియమం అలాగే చెబుతుంది. కాబట్టి ప్రతి జట్టుకీ ఐదుగురు బౌలర్లు కావాలి, మొత్తం 40 మంది. ఇక్కడే ఆల్‌రౌండర్ల విలువ తెలుస్తుంది. ఫ్లింటాఫ్, కాలిస్, పొలాక్, సైమండ్స్, రజాక్, ఓరమ్ లాంటివాళ్ళలో ఇద్దరు చేతిలో ఉంటే జట్టు కూర్పు సగం తేలికవుతుంది. స్పిన్నర్లు లేత చేతులకి భయమే గానీ, క్రీజు వదిలి ముందుకొచ్చి నేరుగా లేపడం అలవాటైనవాడి ముందు ఒక్క ఓవర్‌లో లీగ్ పోగొడతారు. ఆ షాట్‌ని నిషేధిద్దామని ప్రతి లీగ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. పూర్తిగా నిషేధిస్తే స్పిన్నర్లకి లేని బలం వస్తుంది, వదిలేస్తే ప్రతి బంతికీ అదే వస్తుంది. ఓవర్‌కి ఒకసారి అన్న నియమం, స్కోరు రాసేవాడు పక్కన టిక్కు పెట్టడం, ఇవి రెండూ కలిసి సరిపోతాయి. దాటితే ఆ బంతి పరుగులు కొట్టేయాలి.

చివరి రౌండ్‌ని ఊరి కోటాగా పెట్టుకోవడం నాకు ఇష్టమైన పద్ధతి. గాజువాక నుంచి వెళ్ళి ఇండియాకి 16 వన్డేలు ఆడిన వై.వేణుగోపాలరావు లాంటివాడు రోస్టర్‌లో లేకపోతే, మధ్యరకం అంకెలతో ఒక ఖాళీ స్థానంలో సృష్టించుకోవచ్చు. ఎనిమిది మందికీ ఒకే అంకెలు ఉంటే ఎవరికీ నొప్పి ఉండదు.

ఇప్పుడు కీబోర్డు గురించి. లీగ్‌లో సగం తగాదాలకి మూలం అదే అయినా దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒకే మామూలు కీబోర్డు మీద ఇద్దరు ఆడితే, సరైన సమయానికి నొక్కినా బ్యాట్ కదలకపోవడం చూస్తుంటాం. మామూలు కీబోర్డు లోపల మీటలన్నీ అడ్డం, నిలువు గీతల వలలా అల్లి ఉంటాయి. ఆ వలలో చతురస్రానికి మూడు మూలల మీటలు ఒకేసారి నొక్కితే, నాలుగోది నొక్కారో లేదో కీబోర్డుకి తెలియదు. తప్పు అక్షరం పోకుండా కొన్నింటిని అది మింగేస్తుంది. ఒకడు బంతి పడే గుర్తుని కదుపుతూ రెండు మీటలు పట్టుకుని ఉండగా, ఇంకొకడు దిశ మీట, షాట్ మీట కలిపి నొక్కితే ఇదే జరుగుతుంది. మందు సులువు. ఇంకో యూఎస్‌బీ కీబోర్డు తగిలించండి. గేమ్‌కి రెండూ ఒకే కీబోర్డులా కనిపిస్తాయి, కానీ ఎవరి వల వాళ్ళది. ఒకడి నొక్కుడు ఇంకొకడిది మింగదు. ఎక్స్‌బాక్స్ తరహా ప్యాడ్లు వాడేవాళ్ళకి వేరే సంగతి: పాత గేమ్‌లు వాటి రెండు ట్రిగ్గర్లనీ ఒకే అక్షంగా చూస్తాయి, రెండూ కలిపి నొక్కితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ట్రిగ్గర్లకి ఏ పనీ ఇవ్వకుండా పై మీటలకే అన్నీ పెట్టుకోండి.

తెర ఒక్కటే కాబట్టి బంతి పడే గుర్తు బ్యాటర్‌కీ కనిపిస్తుంది. ఇది గేమ్‌లో ఉన్నదే, దాని గురించి వాదించి లాభం లేదు. బౌలింగ్ చేసేవాడు చివరి క్షణం దాకా గుర్తుని కదుపుతూ ఉండడమే ఉపాయం. కానీ పక్కవాడి వేళ్ళు చూసి ఏ బంతి వేస్తున్నాడో కనిపెట్టడం వేరు. రెండు కీబోర్డుల మధ్య ఒక పరీక్ష అట్ట నిలబెడితే ఆ పని ఆగుతుంది.

సెలవు దొరకక ఊరికి రాలేనివాళ్ళు పార్సెక్ లాంటి ఇంటర్నెట్ ప్రోగ్రాంలతో దూరం నుంచి ఆడొచ్చు. తెర ఒకరి దగ్గర నడుస్తుంది, రెండోవాడు దాని బొమ్మ చూస్తూ ఆడతాడు. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోటి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. దారిలో 50 మిల్లీసెకన్లు పోతే మూడు ఫ్రేములు ఆలస్యం, అంటే సరిగ్గా టైం చేసినా బ్యాట్ ఆలస్యంగానే ఊగుతుంది. తెర ఉన్నవాడికి ఆ బాధ లేదు. రెండు మ్యాచ్‌లు పెట్టి తలా ఒకసారి తెర నడపాలి, లేదా ఇద్దరూ మూడోవాడి కంప్యూటర్‌కి తగులుకోవాలి. ఇవేవీ కుదరకపోతే ఆ మ్యాచ్‌ని లీగ్‌లో లెక్కించకపోవడం మేలు.

షెడ్యూల్ లెక్క కూడా ముందే చూసుకోవాలి. ఎనిమిది మంది ఒక్కొక్కరితో ఒకసారి ఆడితే 28 మ్యాచ్‌లు. రెండు ఇన్నింగ్స్ కలిపి 60 బంతులు, రీప్లేలు దాటేస్తూ బంతికి 25 సెకన్లు అనుకున్నా 25 నిమిషాలు. టాస్, జట్టు కూర్పు కలిపి 35. మొత్తం పదహారు గంటల పైమాట. రెండు ల్యాప్‌టాప్‌లు ఉంటే భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజుల్లో రోజుకి మూడు గంటల లోపే తేలిపోతుంది. పది ఓవర్లు కావాలని పట్టుబట్టే లీగ్‌లు సగంలోనే ఆగుతాయి.

పాయింట్లు సమానమైతే ముందు వాళ్ళిద్దరి మధ్య మ్యాచ్ ఫలితం చూడాలి, ఆ తర్వాతే నెట్ రన్‌రేట్, అంటే ఓవర్‌కి కొట్టిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసేస్తే మిగిలేది. కంప్యూటర్‌లో లెక్క వేసే షీట్‌లో ఇక్కడే తప్పులు దొర్లుతాయి. ఒకడు 5 ఓవర్లలో 62 కొట్టాడు, రెండోవాడు 3.4 ఓవర్లలో 40కి ఆలౌట్ అయ్యాడు. ఆలౌట్ అయితే పూర్తి 5 ఓవర్లు లెక్క: 12.4 నుంచి 8.0 తీస్తే 4.4. తెలియక 40ని 3.4తో భాగిస్తే 11.76 వస్తుంది, గెలిచినవాడికి మిగిలేది 0.64. అసలు 3.4 ఓవర్లంటే మూడు ఓవర్ల నాలుగు బంతులు, అంటే 3.67 అన్న సంగతి షీట్‌కి తెలియదు. అందుకే ఓవర్లు రాయకుండా బంతులు రాయించండి, సీజన్ మొత్తం పరుగుల్ని మొత్తం బంతులతో భాగించి ఆరుతో హెచ్చించండి. మ్యాచ్‌ల రన్‌రేట్లని కూడి సగటు తీయడం ఇంకో తప్పు.

ఆటగాళ్ళ మార్పిడికి మ్యాచ్‌ల మూడో రౌండ్ ముగిసే దాకానే గడువు ఇవ్వాలి. ఆశ వదులుకున్నవాడు తన బ్రెట్ లీని జాన్ జిగిరీ దోస్తుకి ఊరికే ఇచ్చేయడం ఆ తర్వాతే మొదలవుతుంది. మొదటి నలుగురికీ ఐపీఎల్ పద్ధతి ప్లేఆఫ్‌లు పెడితే ఐదారు స్థానాల్లో ఉన్నవాళ్ళు చివరి రోజు దాకా ఆడతారు. అట్టడుగున ఉన్నవాడికి వచ్చే ఏడు మొదటి వంతు నేరుగా ఇవ్వకండి, కావాలని ఓడడానికి అది దారి. కింది నలుగురి పేర్లూ చీటీల్లో వేయండి: ఎనిమిదో స్థానానికి నాలుగు, ఏడుకి మూడు, ఆరుకి రెండు, ఐదుకి ఒకటి. ఆ పది చీటీలూ కనుమ రోజు సాయంత్రం, తిరుగు రైళ్ళు ఎక్కకముందే తీసేయాలి. ఎవరి వరస ఎంతో రోస్టర్ ఉన్న పెన్‌డ్రైవ్‌లోనే రాసి, విశాఖలో ఉండిపోయేవాడి చేతికి ఇవ్వాలి.