మేలో వాన పడితే వానాకాలం ఎండుతుందా?

మే నెల వచ్చిందంటే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ మెసేజీ తిరుగుతుంది: "ఎండాకాలంలోనే వానలు దంచేశాయి, మబ్బుల్లో నీళ్లు అయిపోయాయి. రోహిణిలో రోళ్లు పగల్లేదు, భూమి కాగలేదు, ఇక నైరుతి రాదు. పైగా ఎల్ నినో. కరువు ఖాయం, విత్తనాలు కొనకండి." ఆ చివరి మాట చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

నీళ్లు అయిపోవడానికి ఆకాశం మన డాబా మీద ట్యాంకు కాదు. మే వానలు చాలావరకు మధ్యాహ్నపు ఎండకు లేచిన క్యుములోనింబస్ (ఉరుములు మెరుపుల) మేఘాలవి. ఒక ఊళ్లో వడగళ్లు కురిపించి, పక్క ఊళ్లో దుమ్ము లేపి పోతాయి. నైరుతి తేమ వచ్చేది సముద్రాల మీద నుంచి, అదీ నాలుగు నెలల పాటు. 2025నే చూడండి. ఆ మేలో దేశంలో సగటున 126.7 మి.మీ. కురిసింది. 1901 నుంచి ఏ మేలోనూ అంత పడలేదు. మరి మెసేజీ లెక్కన కరువు రావాలి కదా? జూన్-సెప్టెంబరు వర్షం సాధారణంలో 108 శాతం నమోదైంది. మెదక్, కామారెడ్డి జిల్లాలను వరద ముంచింది ఆ ఆగస్టులోనే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఏడాది రుతుపవనాలు మే 24కే కేరళను తాకి, నెలాఖరుకు మన దాకా వచ్చి, జూన్ మధ్య వరకు ముందుకు కదల్లేదు. తొలి జల్లుకే విత్తినవాళ్లకు టెన్షన్ తప్పలేదు. అది గాలులు మందగించడం వల్ల, మబ్బులు ఖాళీ అయి కాదు.

రోళ్ల సామెత రోహిణి ఎండ ఎంత మండుతుందో చెబుతుంది, వాన జోస్యం చెప్పదు. రుతుపవనాలకు నేల వేడెక్కాల్సిందే, కానీ ఆ వేడి వాయవ్య భారతం నుంచి టిబెట్ పీఠభూమి దాకా పరుచుకున్నది. మన మండలం వారం రోజులు చల్లబడితే దానికి లెక్కే కాదు.

ఎల్ నినో, అంటే పసిఫిక్ మహాసముద్రం నీళ్లు మామూలుకన్నా వేడెక్కడం, ఆ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోలేం. 2002, 2009, 2015 దెబ్బతిన్నది ఎల్ నినో ఉన్నప్పుడే. 2009లో 78 శాతమే కురిసింది. కానీ 1997లో ఎల్ నినో చాలా బలంగా ఉన్నా వాన 102 శాతం. ఎల్ నినో ఉన్న 2023లో దేశం 1901 తర్వాత అత్యంత పొడి ఆగస్టు చూసింది. అంతకు నెల ముందు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెం.మీ. పడింది. ఇక నెల్లూరు వైపు ప్రధాన వానలు అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాలవి. వాటికి ఎల్ నినో తరచూ మేలే చేస్తుంది.

విత్తనాలు కొనుక్కోండి. పత్తి మాత్రం 60-75 మి.మీ. వాన పడి, నేల బాగా తడిశాకే పెట్టండి.