వెన్నులో గడ్డ: స్కాన్ కంటే ముందు సుత్తి పట్టాలి

వెన్నులోని గడ్డ క్యాన్సర్ కాదని తేలగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. మెనింజియోమా, ష్వానోమా వంటి అరుదైన కణితులు సాధారణంగా ఇతర అవయవాలకు పాకవన్నది నిజమే. అయితే వెన్నుపాము మందం చిటికెన వేలంత; దాని చుట్టూ ఉన్నది ఎముక గోడ. ఆ ఇరుకులో గడ్డ ఎంత నిదానంగా పెరిగినా చివరికి నొక్కేది వెన్నుపామునే.

వెన్నుకు కత్తి పెడితే మంచం పట్టడమేనన్న భయం ఊరికే పుట్టలేదు. స్కాన్‌లో యాదృచ్ఛికంగా బయటపడిన చిన్న గడ్డలను కనిపెట్టుకుని ఉండటమే మేలు. వెన్నుపూసలోని హెమాంజియోమాల్లో (రక్తనాళాల గడ్డల్లో) అధిక శాతానికి కత్తితో పనే లేదు. కానీ కాళ్లు బరువెక్కుతున్నాక వాయిదా వేయడం జాగ్రత్త అనిపించుకోదు. మైక్రోస్కోపు, నరాల స్పందనను శస్త్రచికిత్స జరుగుతుండగానే గమనించే పరికరాలు వచ్చాక, నడిచి వచ్చిన రోగి తిరిగి నడిచి వెళ్లే అవకాశమే ఎక్కువ.

అసలు ఆలస్యం జరుగుతున్నది ఆపరేషన్ థియేటర్‌కు చేరే దారిలోనే. కాలి నుంచి చెప్పు జారినా తెలియడం లేదని చెప్పే మనిషికి నడుం ఎంఆర్ఐ రాస్తారు. నలభై దాటిన నడుంలో డిస్క్ ఉబ్బు కనిపించడం వింతేమీ కాదు కాబట్టి నేరం దానిమీద పడుతుంది, ఛాతీ ఎత్తులో ఉన్న మెనింజియోమా ఆ ఫిల్ములోకే రాదు. పెద్దవారిలో వెన్నుపాము సాధారణంగా మొదటి, రెండో నడుం పూసల దగ్గరే ముగుస్తుంది. రబ్బరు సుత్తితో మోకాలి కింద తట్టినప్పుడు కాలు మామూలు కంటే బలంగా ఎగిరితే, అనుమానించాల్సింది వెన్నుపామునే; వెతకాల్సింది ఇంకా పైన.

ఎక్స్-రే కనుగొనడానికి ఎనిమిదేళ్ల ముందే, 1887లో, లండన్‌లో నరాల వైద్యుడు విలియం గోవర్స్ రోగిని పరీక్షించి వెన్నులో కణితి ఉందని నిర్ధారించారు. శస్త్రవైద్యుడు విక్టర్ హార్స్లీ వెన్ను తెరిచినప్పుడు మొదట ఏమీ కనిపించలేదు. మరికొంత పైకి ఎముక తొలగించాక బాదం గింజ ఆకారంలో గడ్డ దొరికింది. ఆ రోగి మళ్లీ నడిచాడు.

వారి చేతిలో ఉన్నదల్లా సూది, సుత్తి, ఓపిక. మన ఓపీల్లో మొదటి రెండూ చవకే. మూడోదానికి మాత్రం డాక్టర్లు కావాలి. కొత్త ఎంఆర్ఐ యంత్రానికి రిబ్బను కత్తిరించే ప్రభుత్వాలు, రోగి చేత చెప్పులు విప్పించి కాళ్లు పరీక్షించేందుకు పది నిమిషాలు మిగిలేలా డాక్టర్ల పోస్టులను ముందు భర్తీ చేయాలి.