మూడు సెంట్లు సరే, ఎక్కడ ఇస్తారు?

పల్లెల్లో పేదలకు మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్ల ఇంటి స్థలం ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో ఉత్తర్వులిచ్చింది. గత ప్రభుత్వం పల్లెల్లో ఇచ్చింది సెంటున్నర. సెంటంటే 48.4 గజాలు. సెంటున్నరలో ఇల్లు లేచాక గేదెను కట్టేసుకోవడానికి, పెళ్లయిన కొడుక్కి ఇంకో గది వేయడానికి చోటుండదు. 145 గజాలు ఇవ్వడం న్యాయమైన పని. దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. కానీ ఇళ్ల స్థలాల మాటెత్తగానే ఊళ్లలో రేగే గొడవ సెంట్ల దగ్గర రాదు. ఆ భూమి ఎక్కడ చూస్తారు, ఎవరి దగ్గర తీసుకుంటారు అన్న దగ్గర వస్తుంది.

గత ప్రభుత్వం 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టి 30 లక్షల మందికి పైగా పట్టాలిచ్చారు. అందుకు సేకరించిన భూమి దాదాపు 68 వేల ఎకరాలు. కలెక్టర్లకు టార్గెట్లు, తేదీలు పెట్టేసరికి చాలాచోట్ల దొరికిన భూమే లేఅవుట్ అయింది. రాజమహేంద్రవరం పక్కన కోరుకొండ మండలం బూరుగుపూడిలో వానొస్తే మునిగే ఆవ భూములను ఎంచుకుంటే వ్యవహారం హైకోర్టుకెక్కింది. అమరావతిలో పేదల ఇళ్ల కోసం వేరు చేసిన ఆర్-5 జోన్‌లో 2023 మేలో దాదాపు 50 వేల మందికి పట్టాలిచ్చారు. ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపేయమంది. వివాదం తేలకుండా పట్టా చేతిలో పెడితే నష్టపోయేది దాన్ని అందుకున్న మనిషే.

ఊరికి దూరంగా వేసిన లేఅవుట్‌లో ఇల్లు కట్టడమంటే ఏమిటో అక్కడికెళితే తెలుస్తుంది. పల్లపు నేల కాబట్టి ముందు ట్రాక్టర్లతో గ్రావెల్ తోలించి మెరక చేసుకోవాలి. కరెంటు స్తంభం పడేదాకా నీళ్ల ట్యాంకరే దిక్కు. మేస్త్రీ అంత దూరం రావాలంటే కూలి ఎక్కువ అడుగుతాడు. గత పథకంలో ఇంటికి ప్రభుత్వం లెక్కగట్టింది రూ.1.80 లక్షలు. అందులో పెద్ద ముక్క పునాదికే పోతే గోడలు దేంతో లేపాలి? బేస్‌మెంట్ దగ్గర ఆగిపోయి, చుట్టూ సర్కారు తుమ్మ మొలిచిన ఇళ్లను చూసి లబ్ధిదారులకు శ్రద్ధ లేదనడం అన్యాయం. తెల్లారేసరికి నాట్లకో, మిరప కోతలకో వెళ్లాల్సిన ఆడకూలీ రోజూ ఆటోకు డబ్బులు పెట్టుకుని సొంతూరికి పనికి రావాల్సి వస్తే ఆమె అక్కడ కాపురం పెట్టదు.

ఇక రెండో అన్యాయం. భూమి కావాలనగానే రెవెన్యూ వాళ్ల కన్ను ముందు డీపట్టా భూముల మీద పడుతుంది. అవి ఎప్పుడో భూమిలేని దళిత, గిరిజన, వెనుకబడిన కులాల కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చినవి, వీటినే అసైన్డ్ భూములంటారు. అమ్ముకోవడానికి 1977 చట్టం 2023 సవరణ దాకా ఒప్పుకోలేదు. ఆ కుటుంబానికి ఆ ఎకరమో, అరెకరమో సాగు చేసుకోవడమే ఆధారం. ప్రజాప్రయోజనానికి అసైన్డ్ భూమి వెనక్కి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారమివ్వాలని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే చెప్పింది. డబ్బు సమానంగా ఇచ్చినా, ఒక పేదవాడి పొలం లాగి ఇంకో పేదవాడికి ఇల్లివ్వడం మాకు సమ్మతం కాదు. ఒకే వాడలో వాళ్లిద్దరినీ శత్రువులను చేయడం అంతకన్నా దారుణం.

ఊరివాళ్ల అభ్యంతరాలన్నీ ఒకే గాటన కట్టలేం. మేత పోరంబోకు పోతే పశువులను ఎక్కడికి తోలాలని అడిగే రైతుకు, వాగు పొంగితే ఆ స్థలం మునుగుతుందని చెప్పే పెద్దాయనకు జవాబు చెప్పాలి. అనుభవంతో చెప్తున్న మాటలవి. కానీ ‘పేదల కాలనీ వస్తే మా ప్లాట్ల రేటు పడిపోతుంది’, ‘వాళ్లు మా వీధి పక్కన ఎందుకు’ అనే మాటలూ వినిపిస్తుంటాయి. వీటిని అభ్యంతరాలుగా మేం ఒప్పుకోం. వాడలను ఊరి చివరకు నెట్టిన అలవాటే ఇది. దీనికి తలొగ్గి అధికారులు మూడు కిలోమీటర్ల అవతల స్థలం చూడడం సిగ్గుచేటు.

ఈ రెండు రకాల మాటలనూ వేరు చేయగలిగిన చోటు గ్రామసభ. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా, అంటే భూమి తీసుకుంటే జనం మీద పడే ప్రభావం లెక్క, వేయాలంది, గ్రామసభను సంప్రదించాలంది. 2018లో రాష్ట్రం తెచ్చుకున్న సవరణ పేదల ఇళ్లకు ఆ అంచనా నుంచి మినహాయింపు ఇవ్వడానికి వీలు కల్పించింది. పని తొందరగా అవుతుందన్నది దాని వెనకున్న వాదన. ఆ తొందరతో కోర్టుల్లో ఏళ్లు పోయాయి కదా! మినహాయింపు ఉన్నా ప్రభుత్వం దాన్ని వాడుకోకూడదు. ఎంచుకున్న సర్వే నంబర్లు, ఆ భూమిని ఇప్పుడు ఎవరు దున్నుతున్నారు, వానాకాలంలో నీళ్లు ఎంతవరకు వస్తాయి అన్న వివరాలు గ్రామ సచివాలయం గోడ మీద నెలరోజులు ఉంచాలి. తర్వాత సభ పెట్టాలి. స్థలం రావాల్సిన కుటుంబాలు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆ సభలో కూర్చోవాలి. కూలి పనులు ఉన్న రోజు పొద్దున పదకొండు గంటలకు సభ పెడితే వాళ్లెవరూ రాలేరు, సాయంత్రం పెట్టాలి.

పాత లేఅవుట్లలో పట్టా ఉండి ఇల్లు కట్టుకోలేకపోయిన వాళ్లను కూడా అదే సభకు పిలవాలి. ఊరి దగ్గర భూమి కొనడానికి ఖర్చెక్కువ అవుతుంది, నిజమే. ఊరికి దూరంగా మెరక చేయడానికి, రోడ్లు వేయడానికి, పైపులైన్లు లాగడానికి పెట్టే డబ్బును దాని పక్కన పెట్టి లెక్క చూడాలి. ఆ లెక్క కలెక్టర్లు ఊరి ముందు పెట్టాకే కొత్త పట్టాలు అచ్చు వేయాలి.