అటకెక్కిన ప్రత్యక్ష ప్రసారం

పెళ్లికి వెళ్లి, భోజనం చేయకుండా, వడ్డించిన విస్తరిని వడ్డించినట్టే మూటకట్టి తెచ్చి బీరువాలో దాచుకునేవాణ్ణి ఊళ్లో ఏమంటారో అందరికీ తెలుసు. అదే పని టీవీతో చేస్తే మాత్రం ‘మనవాడికి టెక్నాలజీ బాగా తెలుసు’ అంటారు. నన్నడిగితే ఆ మెప్పు కూడా తక్కువే. టీవీ చూడటానికి ఏముంది, సోఫా ఉంటే చాలు. ఇంటర్నెట్‌లో వచ్చే లైవ్‌ని చూడకుండా పట్టి దాచాలంటే నిష్ఠ కావాలి, లెక్క తెలియాలి, వేళగాని వేళ అలారం పెట్టుకోవాలి.

ఈ నిష్ఠకు న్యాయస్థానం ముద్ర ఏనాడో పడింది. సోనీ వారి బీటామాక్స్ అనే వీడియో టేపు రికార్డరు మీద హాలీవుడ్ కంపెనీలు వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరి 17న 5–4 మెజారిటీతో తీర్పిచ్చింది: ఇంట్లో తర్వాత చూసుకుందామని కార్యక్రమాన్ని రికార్డు చేసుకుంటే తప్పు కాదు. ఆ ‘తర్వాత’ అంటే ఎన్నాళ్లలోపు అని ధర్మాసనం గడువు పెట్టలేదు. నలభై ఏళ్లుగా రికార్డింగు కులం మొత్తం ఆ వాయిదా మీదే బతుకుతోంది. మన 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ కూడా సొంత వాడకానికి కొంత చోటిస్తుంది. కానీ 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, కాపీ కాకుండా వేసిన తాళాన్ని పగలగొడితే రెండేళ్ల దాకా జైలు అంటుంది. కాబట్టి తాళం వేసిన ఓటీటీల జోలికి పోరాదు. పోయినా దక్కేదేమీ ఉండదు. వైడ్‌వైన్ అనే అలాంటి తాళం కాపలా ఉన్నచోట స్క్రీన్ రికార్డర్ పెడితే చాలాసార్లు మాటలు వినిపిస్తాయి, బొమ్మ ఉండాల్సిన చోట నల్లతెర ఉంటుంది. మూడు గంటల నల్లతెరను కూడా పేరు పెట్టి దాచుకునే మహానుభావులు ఉంటే వారికి వేరే నమస్కారం.

ఇక మిగిలింది ఛానళ్లు తమంతట తామే ఉచితంగా నెట్‌లో పెట్టే లైవ్. చాలామంది ఇది కుళాయి నీళ్లలా ధారగా వస్తుందనుకుంటారు. రాదు. హెచ్ఎల్ఎస్ పద్ధతిలో ప్రసారాన్ని ఆరేసి సెకన్ల ముక్కలుగా తరిగి, ఆ ముక్కల చిరునామాలను ఒక మామూలు టెక్స్ట్ జాబితాలో రాసి పెడతారు. దాని పేరే ఎం3యూ8. లైవ్‌లో ఆ జాబితా చివర కొత్త ముక్క చేరుతుంటే ముందున్నది జారిపోతుంటుంది. బఫేలో ఆలస్యంగా వచ్చినవాడికి గారెలు అయిపోయినట్టు, మన నెట్ రెండు నిమిషాలు తడబడి తిరిగొచ్చేసరికి ఆ ముక్కలుండవు, సర్వర్ ‘404’ అని చేతులు దులుపుకుంటుంది. రికార్డరు చేసే పనల్లా జాబితాను కొన్ని సెకన్లకోసారి చూసి, ముక్క జారిపోకముందే తెచ్చి వరసగా అతికించడం.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండు ప్రోగ్రామ్‌కి ఆ జాబితా చిరునామా ఇచ్చి ‘హైఫన్ సీ కాపీ’ అని రాస్తే ఇంతపనీ అదే చేస్తుంది. ఆ ‘కాపీ’ మాట మరిచిపోతే వచ్చిన ప్రతి ఫ్రేమునూ విప్పి మళ్లీ కుదిస్తుంది. ఫ్యాను గ్రైండర్‌లా మోగుతుంది, బొమ్మ నాణ్యత తగ్గుతుంది, పాత ల్యాప్‌టాప్ అయితే వెనకబడి అసలు ముక్కలే జారవిడుస్తుంది. వండిన కూరను గిన్నె మార్చడానికి మళ్లీ పొయ్యి మీద పెట్టనక్కర్లేదు కదా.

గిన్నె ఏదన్నది మాత్రం ముఖ్యం. ఎంపీ4 ఫైలు విషయసూచికను మామూలుగా అన్నీ అయ్యాక చివర్లో రాసుకుంటుంది. ఆ చివర రాకముందే కరెంటు పోతే, మూడు గంటల సరుకు డిస్కులో ఉండి కూడా ప్లేయర్ ‘ఇది వీడియోనే కాదు’ అంటుంది. టీఎస్ అనే ఇంకో రకం ఫైలు అలా కాదు, మరమరాల మూట. 188 బైట్ల పొట్లాలుగా ఉంటుంది, ఎక్కడ చించినా మరమరాలే దొరుకుతాయి. అందుకని రికార్డింగు టీఎస్‌లోకో ఎంకేవీలోకో చేసి, ముగిశాక తీరిగ్గా ఎంపీ4లోకి మార్చుకోవాలి. ఆ మార్పుకీ ‘కాపీ’ చాలు, కొద్ది నిమిషాల పని. రౌటర్‌కీ ఫైబర్ పెట్టెకీ చాలా ఇళ్లలో 12 వోల్టుల అడాప్టరే ఉంటుంది కనుక ఒక మినీ యూపీఎస్ వాటిని కాపాడుతుంది. వోల్టేజీ, పిన్ను సరిచూసుకుని కొనాలి. కంప్యూటర్‌ను ఎవరు కాపాడతారన్నది యూపీఎస్ కొన్న రాత్రే తెలుస్తుంది.

ఇప్పుడు ఒక నమూనా కేసు. డాలస్‌లో కొడుకు. భీమవరం నుంచి ఆరు నెలలకు వచ్చిన తల్లి. శ్రీరామనవమి. భద్రాచలంలో అభిజిత్ లగ్నం మధ్యాహ్నం 12 గంటలకు, అంటే డాలస్‌లో రాత్రి ఒంటిగంటన్నరకు. ‘నువ్వు పడుకోమ్మా, రికార్డు చేసి పొద్దున్నే పెద్ద టీవీలో వేస్తాను’ అని కొడుకు మాటిస్తాడు. ఇలాంటి మాట ఇచ్చేముందు పంచాంగం, గడియారం, పెన్‌డ్రైవ్ మూడూ చూసుకోవాలి.

భద్రాచలంలో ఉదయం పది నుంచి పట్టాలంటే, డాలస్‌లో ముందురోజు రాత్రి 11:30కి మొదలెట్టాలి. ‘నవమి రోజు 11:30’ అని పెట్టినవాడికి ఇరవై నాలుగు గంటల తర్వాత కెమెరా ముందు దశమినాటి మహాపట్టాభిషేకం దొరుకుతుంది. పెళ్లి చూడాలనుకుంటే రాజ్యాభిషేకం వచ్చింది, నష్టం ఏముందని సరిపెట్టుకునే వీలు అన్నిసార్లూ ఉండదు. జనవరిలో వేసుకున్న లెక్క ఏప్రిల్‌లో వాడితే ఇంకో చిక్కు. చలికాలంలో తేడా పదకొండున్నర గంటలు, మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారం ముందుకు జరిగాక పదిన్నర. ఈ గొడవలన్నిటికీ మందు ఒకటే: రికార్డు చేసే యంత్రం టైమ్‌జోన్‌ను ఆసియా/కోల్‌కతా చేసేయడం. వంటింటి గడియారం డాలస్‌లో ఉండనీండి, పెట్టె మాత్రం భద్రాచలంలో ఉండాలి.

గడియారం సరే, పెన్‌డ్రైవ్ సంగతి. టీవీకి గుచ్చితే పలుకుతుందని దాన్ని ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటారు. ఎఫ్ఏటీ32లో ఒక ఫైలు 4 జీబీకి చేరదు, ఒక్క బైటు తక్కువలో ఆగుతుంది. పెన్‌డ్రైవ్ 64 జీబీదైనా సరే. సెకనుకు 5 మెగాబిట్ల లైవ్ అంటే సెకనుకు 0.625 మెగాబైట్లు, గంటకు 2.25 జీబీ. ఆ లెక్కన ఫైలు 1 గంట 54 నిమిషాల 32 సెకన్లకు నిండుతుంది. పదికి మొదలైన రికార్డింగు 11:54:32కు ఆగుతుంది. పట్టువస్త్రాలు వచ్చాయి, ముత్యాల తలంబ్రాలు వచ్చాయి, ప్రవరలు వినిపించాయి, జీలకర్ర బెల్లానికి ఐదున్నర నిమిషాల ముందు తెర స్తంభించింది. ‘ఫైలు మరీ పెద్దది’ అని ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఒక వరస రాసి వెళ్లిపోయింది. ఆ వరస చదవాల్సినవాడు గురక పెడుతున్నాడు. మూడు మంగళసూత్రాలు కట్టే క్షేత్రంలో ఒక్కటీ కట్టకుండా పెళ్లి ఆపిన ఘనత ఈ పెన్‌డ్రైవ్‌దే. అంత చిన్న హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఉంటే, లేదా గంటకో ఫైలుగా విడగొట్టమని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి చెప్పి ఉంటే ఈ అపచారం జరిగేది కాదు. పాత టీవీ ఎక్స్‌ఫ్యాట్‌ను చదవకపోవచ్చు, అప్పుడు గంట ముక్కలే దిక్కు.

‘రాత్రి అలారం ఎందుకు, క్రాన్‌లో పెడతాను’ అనే తెలివిమంతులకు, చెప్పిన వేళకు కమాండును దానంతట అదే నడిపే ఆ క్రాన్ వేరే పరీక్ష పెడుతుంది. ఫైలు పేరులో తేదీ రావాలని తేదీ కమాండు ఇరికిస్తారు. అందులో శాతం గుర్తులుంటాయి. కమాండులు చేత్తో కొట్టే టెర్మినల్‌లో పది సార్లు పరీక్షిస్తే పది సార్లూ పనిచేస్తుంది. క్రాన్ పట్టికలో మాత్రం శాతం గుర్తు అంటే ‘ఇక్కడితో వరస అయిపోయింది’ అని అర్థం. కమాండు సగంలో తెగి, వేళకు రికార్డింగు మొదలవదు. ప్రతి శాతం ముందూ ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాలి, లేదా కమాండును విడిగా స్క్రిప్టులో రాసి క్రాన్‌కి ఆ స్క్రిప్టు పేరే ఇవ్వాలి. ఈ గొడవంతా ఎందుకని తేదీ లేకుండా ఒకే పేరు పెట్టి, పైన ‘హైఫన్ వై’ తగిలిస్తే, సోమవారం సీరియల్ మీద మంగళవారం సీరియల్ కూర్చుంటుంది. కథ పెద్దగా కదిలి ఉండదు కనుక ఎవరూ కనిపెట్టకపోవచ్చు, అది వేరే విషయం.

చిరునామా సంగతి కూడా చెప్పాలి. సాయంత్రం బ్రౌజర్‌లోంచి ఎం3యూ8 చిరునామా వెతికి పట్టుకుని రాత్రికి వాడదామంటే, చాలా చోట్ల దాని తోకలో గడువున్న టోకెన్ ఉంటుంది. రాత్రికి అది సినిమా అయిపోయాక మిగిలిన టికెట్టు. సర్వర్ ‘403’ అంటుంది. 404 అంటే వస్తువు లేదని, 403 అంటే వస్తువు ఉంది గానీ నీకు ఇవ్వనని. తెలుగిళ్లలో పుట్టినవారికి ఈ రెండింటి తేడా వివరించనక్కర్లేదు. స్ట్రీమ్‌లింక్ అనే ప్రోగ్రామ్‌కి ఛానల్ పేజీ చిరునామా ఇస్తే ఆ క్షణాన తాజా టోకెన్ అదే తెచ్చుకుంటుంది, ఆ సైటుకు దానిలో ప్లగిన్ ఉంటే.

చర్చా కార్యక్రమాలకు ఇంత హంగు అవసరం లేదు. ఎనిమిది గడుల్లో ఎనిమిదిమంది ఒకేసారి అరిచేదాన్ని తక్కువ నాణ్యత 480పీలో పడితే చాలు, గంటకు అర జీబీ లోపే సరిపోవచ్చు. ముందు ఐదు నిమిషాలు, వెనక నలభై నిమిషాలు అదనంగా పెట్టుకోవాలి. ‘చివరిగా ఒక్క మాట’ అన్నాక చర్చ ఎంతసేపు నడుస్తుందో ఏ ప్రోగ్రామ్ గైడూ చెప్పలేదు. మధ్యలో ప్రకటనలు అతికించే ఛానళ్లలో ముక్కల మీది కాలముద్రలు (టైమ్‌స్టాంపులు) గెంతుతాయి, మాటకీ పెదవికీ పొంతన తప్పుతుంది. టీఎస్‌లో కాలాన్ని 33 బిట్లలో, సెకనుకు 90,000 చొప్పున లెక్కపెడతారు. 26 గంటల 30 నిమిషాలకు ఆ మీటరు సున్నాకి తిరుగుతుంది. ఆ తిరిగే క్షణం మీ రికార్డింగు మధ్యలో పడితే, రెండు గంటల చర్చను 26 గంటలని చూపించే ప్లేయర్లున్నాయి. చూసినవారికీ అంతే అనిపిస్తుంది కాబట్టి దీన్ని దోషంగా పరిగణించనక్కర్లేదు.

ఇక నిల్వ. రోజుకు రెండు గంటలు పడితే ఏడాదికి 730 గంటలు, గంటకు 2.25 జీబీ లెక్కన 1,642 జీబీ. 2 టీబీ డిస్కు కొనాలి. దాన్ని రాస్‌ప్బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్‌కి నేరుగా తగిలిస్తే, దాని యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే కనుక, డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో మొత్తం తూలుతుంది. సొంత కరెంటున్న హబ్బు పెట్టాలి. ఆ 730 గంటలు చూడాలంటే తిండీ నిద్రా మాని ముప్పై రోజులు కూర్చోవాలి. ఈ లెక్కను ఇంట్లో గట్టిగా చెప్పకూడదు. ఆ కార్యక్రమాల్లో చాలావాటిని ఛానలే మర్నాటికి తన యూట్యూబు పేజీలో పెడుతుందని, పన్నెండు గంటలలోపు లైవ్ అయితే మామూలుగా దానంతట అదే అక్కడ నిలిచిపోతుందని, పైగా అక్కణ్ణుంచి అనుమతి లేకుండా డౌన్‌లోడ్ చేయవద్దని యూట్యూబు నిబంధన ఉందని అసలు చెప్పకూడదు. మనిషి కుంగిపోతాడు.

మన డాలస్ కొడుకు కుంగే రకం కాదు. మరుసటేడు తల్లి మళ్లీ వచ్చేసరికి ఎక్స్‌ఫ్యాట్ డిస్కు, కోల్‌కతా గడియారం, బ్యాక్‌స్లాష్‌లు, యూపీఎస్, నిద్రపోకుండా కట్టడి చేసిన కంప్యూటర్, అన్నీ సిద్ధం. మూడున్నర గంటలు, 7.9 జీబీ, ఒక్క ముక్క జారలేదు. పొద్దున్నే పెద్ద టీవీ ముందు కుర్చీ వేసి పిలుస్తాడు.

‘‘అమ్మా, రా. కల్యాణం పెడుతున్నా.’’

‘‘రాత్రే చూసేశాన్రా నాన్నా, ఫోన్లో. ఫోను మీదే రెండు అక్షింతలు వేసి దణ్ణం పెట్టుకున్నా. నువ్వు మంచి నిద్రలో ఉన్నావని లేపలేదు.’’

కొడుకు కుర్చీ తీసేసి, ఆ 7.9 జీబీని రెండో డిస్కులోకి కూడా ఒక కాపీ వేస్తాడు.