సలామీ ప్యాకెట్ విప్పాక ఫ్రిజ్‌ను నమ్ముకోవద్దు

సలామీ, హామ్, ఉడికించిన టర్కీ కోడి లాంటి, వండి ముక్కలుగా కోసి అమ్మే మాంసాల ప్యాకెట్ల మీద తేదీ చూసి ఇంకా చాలా రోజులుందని ఊరుకుంటాం. ఆ తేదీ సీలు విప్పనంత వరకే. విప్పాక 3 నుంచి 5 రోజుల్లో తినేయాలి, అదీ ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్‌కు మించకపోతేనే. షాపు కౌంటర్లో కోయించి తెచ్చిన ముక్కలకూ ఇదే గడువు.

దీనికి కారణం లిస్టీరియా. ఈ బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలోనూ నెమ్మదిగా పెరుగుతుంది, ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. అది చేరిన మాంసం వాసన మారదు, రుచి మారదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసే పరీక్ష ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఫ్యాక్టరీలో ఉడికించారు కదా అంటే, ఉడికినప్పుడు అది చచ్చే మాట నిజమే. మాంసం మళ్లీ కలుషితమయ్యేది ఆ తర్వాత: పైకప్పు నుంచి కారే తేమ, నేల మీది డ్రెయిన్లు, కోత యంత్రం బ్లేడు సందులు. 2024లో అమెరికాలో బోర్స్ హెడ్ కంపెనీ మాంసాలతో ముడిపడిన లిస్టీరియా 19 రాష్ట్రాల్లో 61 మందికి సోకింది. 10 మంది చనిపోయారు. వర్జీనియాలోని జారట్ ఫ్యాక్టరీలో బూజు, పురుగులు, కారే నీరు ఉన్నాయని ప్రభుత్వ తనిఖీ రికార్డుల్లో అంతకు ముందే నమోదై ఉంది. రాసిపెట్టి వదిలేసిన తనిఖీ ఎవరిని కాపాడుతుంది?

ఎక్కువ ప్రమాదం గర్భిణులకు, 65 దాటినవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి. తల్లికి కాస్త జ్వరం, ఒళ్లునొప్పులే ఉండొచ్చు, బిడ్డ మాత్రం దక్కకపోవచ్చు. బొప్పాయి వద్దని చెప్పే పెద్దలు ఇంటింటా ఉంటారు. ఇలాంటి మాంసం పెట్టిన చల్లటి శాండ్‌విచ్ సంగతి చెప్పేవాళ్లే అరుదు. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకు ఆ మాట ముందుగా చెప్పాలి.

ఎక్కువ ప్రమాదమున్న వీళ్లంతా ఇలాంటి మాంసాన్ని 74 డిగ్రీలకు, అంటే పొగలు కక్కేదాకా వేడిచేసుకునే తినాలి. మైక్రోవేవ్‌లో అయితే ముక్కలు పరిచి, మధ్యలో తిప్పాలి, లేకపోతే అక్కడక్కడా చల్లగా మిగిలిపోతాయి. మిగతావాళ్లు ప్యాకెట్ మీద విప్పిన తేదీ మార్కర్‌తో రాస్తే చాలావరకు పని అయినట్టే. ఫ్రిజ్ డయల్ మీది అంకె డిగ్రీలు కాదు. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి రాత్రంతా లోపల పెట్టి పొద్దున చూడండి. ప్యాకెట్‌లోని నీరు అరలో కారితే వెంటనే సబ్బునీళ్లతో కడగాలి. టిఫిన్ బాక్సులో ఐస్ ప్యాక్ లేకుండా 2 గంటలు, మన ఎండల్లో 32 డిగ్రీలు దాటితే గంట, అంతకు మించితే పారేయాలి.

జబ్బు కొన్ని వారాల తర్వాత కూడా బయటపడొచ్చు. గర్భిణికి జ్వరం వస్తే నిన్నటి భోజనం ఒక్కటే కాదు, గత రెండు నెలల్లో ఇలాంటి మాంసం తిన్నారేమో కూడా డాక్టర్‌కు చెప్పాలి. రక్తపరీక్షతో నిర్ధారించి సమయానికి యాంటీబయాటిక్ మొదలుపెడితే బిడ్డను కాపాడుకునే అవకాశం ఉంటుంది.