కాలిన గాయాల మీద పరిశోధన దండగా? ఆ వాట్సాప్ సందేశానికి జవాబు

దీపావళి దగ్గర పడితే చాలు, విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: "కాలిన గాయాల వైద్యంలో కొత్తగా కనిపెట్టడానికి ఏమీ మిగల్లేదు. అమెరికావాళ్లు అంతా తేల్చేశారు. అయినా ప్రపంచ పరిశోధన ప్రాధాన్యాలంటూ రోగులను, వాళ్ల ఇంటివాళ్లను కూర్చోబెట్టి అడుగుతున్నారు. రోగికి ఏం తెలుసు? కాలడం ఎవరి అజాగ్రత్త వాళ్లది. ఆ డబ్బుతో గుంటూరులో పది మంచాలు వేయించవచ్చు."

చదవగానే నిజమే కదా అనిపించేలా రాశారు. అందుకే ఒక్కో మాటా విడిగా పట్టి చూడాలి. (ప్రపంచ పరిశోధన ప్రాధాన్యాలంటే, ముందుగా ఏ ప్రశ్నల మీద పరిశోధన జరగాలో తేల్చే జాబితా.)

"అంతా తేల్చేశారు" అన్నది మొదటి మాట. కొంత తేలింది, కాదనను. కాలిన చోట 20 నిమిషాలపాటు పారే చల్లని నీళ్లు పోయాలి. ఐసు పెట్టకూడదు. టూత్‌పేస్టు, పసుపు, సిరా పూయకూడదు. వెంటనే పోయలేకపోయినా మొదటి మూడు గంటల్లో పోస్తే ఉపయోగం ఉంటుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు సత్యనారాయణపురంలో ఏ ఇంట్లోనైనా కుళాయి తిప్పి చేయి పెట్టండి. మేడ మీది ట్యాంకులోంచి వచ్చే ఆ నీళ్లకు కాలని చేయి కూడా చురుక్కుమంటుంది. మరి కాలిన చేతి మీద ఏం పోయాలి? 20 నిమిషాల లెక్కకు బలమిచ్చిన ప్రయోగాలు ఎక్కువగా ఆస్ట్రేలియాలో పందుల మీద చేసినవి. అక్కడివాళ్లు సిఫారసు చేసే నీళ్లు 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. మన కుండ నీళ్లు కూడా అంత చల్లన కావు. బిందెలోంచి చెంబుతో ముంచి పోస్తే పారే నీటితో సమానమవుతుందా? ఎంతసేపు పోయాలి? ఇది మన ఇళ్లలో పుట్టిన ప్రశ్న, ఇక్కడ అడిగితేనే వినిపిస్తుంది. (జవాబు వచ్చేదాకా నీడన ఉన్న బిందె నీళ్లు పోయండి. టూత్‌పేస్టు జోలికి మాత్రం వెళ్లకండి.)

శస్త్రచికిత్సలోనూ అంతే. చచ్చిన చర్మాన్ని తొలి రోజుల్లోనే పొరలు పొరలుగా తీసేసి కొత్త చర్మం అతికించే పద్ధతిని స్లొవేనియా సర్జన్ జోరా యాంజెకోవిచ్ 1970లో ప్రపంచానికి చూపించారు. గొప్ప పద్ధతి. కానీ దానికి రక్తం సిద్ధంగా ఉండాలి, మత్తు ఇచ్చే డాక్టరు ఉండాలి, రోగి వేళకు రావాలి. ఈ మూడింట్లో రెండు లేని చోట ఎవరికి చేయాలి, ఎవరికి ఆగాలి అన్నది అమెరికా తేల్చిపెట్టిన లెక్కల్లో దొరకదు.

ఇక "రోగికి ఏం తెలుసు?" నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఈ మాటే.

మా వదిన గుంటూరు అరండల్‌పేటలో టిఫిన్ బండి నడిపేది. మరుగుతున్న సాంబారు గిన్నె ఒరిగి చేయి, నడుము, తొడ కాలాయి. చర్మం అతికించారు. గాయం మానింది, ఆస్పత్రి కాగితాల ప్రకారం చికిత్స ముగిసింది. ఆవిడ బాధ అప్పుడు మొదలైంది. మచ్చ ఉబ్బకుండా ఒంటికి బిగుతుగా పట్టే ప్రెషర్ గార్మెంటు ఇచ్చి, రోజుకు 23 గంటలు తొడుక్కోమన్నారు. స్నానానికి మాత్రం విడవవచ్చు. గుంటూరు ఎండల్లో, పొయ్యి పక్కన, ఆ బిగుతు బట్ట! లోతుగా కాలినచోట స్వేద గ్రంథులు పోతాయి. అతికించిన చర్మానికి చెమట సరిగా పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోదు. రాత్రి దురద నిద్ర పట్టనివ్వదు. "డాక్టరు గారూ, ఈ దురద ఎన్నాళ్లుంటుందండీ? ఎండాకాలం ఈ బట్ట ఇంకాస్త తక్కువసేపు వేసుకుంటే మచ్చ పెరుగుతుందా?" అని అడిగింది. ఆయన మంచి మనిషి. "అందరికీ ఒకేలా ఉండదమ్మా" అని ఊరుకున్నాడు. ఊరుకోక ఏం చేస్తాడు? ప్రెషర్ గార్మెంటు వల్ల మచ్చ ఎంత తగ్గుతుందన్న దాని మీద పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. 40 డిగ్రీలు దాటిన ఊళ్లో దాన్ని ఎన్ని గంటలు వేసుకోవాలన్న ప్రశ్న చలిదేశపు ల్యాబులో ఎవరికి తడుతుంది? ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మా వదినకు తట్టింది.

రోగులను అడగాలన్న ఆలోచన ఊరికే పుట్టింది కాదు. బ్రిటన్‌లో మోకాలి కీళ్లవాతం మీద 2000లో ఒక పరిశీలన జరిగింది. పరిశోధనల్లో ఎక్కువ భాగం మందుల చుట్టూ తిరుగుతుంటే, రోగులు తెలుసుకోవాలనుకున్నది ఆపరేషన్ గురించి, ఫిజియోథెరపీ గురించి, రోజులు ఎలా నెట్టుకురావాలన్న దాని గురించి అని బయటపడింది. 2004లో అక్కడే మొదలైన జేమ్స్ లిండ్ అలయన్స్ ఒక పద్ధతి పెట్టింది. రోగులు, వాళ్లను చూసుకునేవాళ్లు, వైద్యులు ముగ్గురి నుంచీ ప్రశ్నలు సేకరిస్తారు. జవాబు ఇదివరకే ఉన్నవాటిని పక్కన పెడతారు. మిగిలినవాటికి ఓట్లు వేయించి, చివరికి అందరూ ఒకచోట కూర్చుని తొలి పది ప్రశ్నలను తేలుస్తారు. కాలిన గాయాల మీద ప్రపంచ స్థాయిలో ఈ పద్ధతినే అనుసరించారు. ఇందులో డాక్టరును పక్కకు నెట్టింది ఎక్కడ?

"ఎవరి అజాగ్రత్త వాళ్లది" అన్నవారికి రెండు లెక్కలు చాలు. కాలిన గాయాలతో ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 1,80,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఒక్క భారతదేశంలోనే 2001లో అగ్ని వల్ల 1,63,000 మందికి పైగా చనిపోయారని, వాళ్లలో 1,06,000 మంది స్త్రీలేనని 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. అది పోలీసు రికార్డులకు దాదాపు ఆరు రెట్లు. ఈ లెక్కల సంవత్సరాలు వేరు, లెక్క కట్టిన తీరు వేరు, ఒప్పుకుంటాను. అయినా ఇంత తేడా ఉందంటే ఎంతమంది పోతున్నారన్నదే మనకు సరిగా తెలియదన్నమాట. ఆ అధ్యయనం ప్రకారం చనిపోయిన స్త్రీలలో ఎక్కువమంది 15 నుంచి 34 ఏళ్ల లోపువాళ్లు. మగవాళ్లకు లేని అజాగ్రత్త ఆ వయసు ఆడవాళ్లకే ఎందుకు పుట్టుకొస్తుందో సందేశం రాసినవారు చెప్పాలి. "స్టవ్వు పేలింది" అని రాసి ఫైలు మూసేసిన ఇళ్లలో ఏం జరిగిందో కనుక్కోవడం కూడా పరిశోధనే.

మిగిలింది పది మంచాలు. మంచాలు కావాలి, ఎవరు కాదన్నారు? కానీ పేదల ఆస్పత్రులకు చవక దారి చూపించిందీ పరిశోధనే. 1980లలో ముంబై వైద్యులు ఉడికించిన బంగాళాదుంప తొక్కలను గాజుగుడ్డ మీద పరిచి డ్రెస్సింగుగా పరీక్షించారు. తర్వాత అరటి ఆకును దానితో పోల్చి చూసి, అదే పని ఇంకా చవగ్గా చేస్తుందని తేల్చారు. (ఇవి ఆస్పత్రిలో క్రిములు లేకుండా శుభ్రపరిచి వాడినవి. పెరట్లో ఆకు కోసి చుట్టకండి.)

ఆ మంచం దాకా రోగి చేరాలి కదా. 60 కిలోల మనిషికి 30 శాతం ఒళ్లు కాలితే, ఎంత ద్రవం ఎక్కించాలో లెక్కగట్టే పార్క్‌లాండ్ సూత్రం ప్రకారం 24 గంటల్లో 7.2 లీటర్ల సెలైన్ (రింగర్ లాక్టేట్ అనే రకం) ఎక్కించాలి. అందులో సగం మొదటి 8 గంటల్లోనే. ఆ 8 గంటలు లెక్కపెట్టేది కాలిన క్షణం నుంచి, ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి కాదు. మాచర్ల అవతలి పల్లె నుంచి గుంటూరుకు మూడు గంటలు పట్టిందంటే అవి లెక్కలోంచి పోయినట్టే. దారిలో ఓఆర్‌ఎస్ తాగిస్తే ఎంతవరకు ఆదుకుంటుంది? ఎంత శాతం దాటితే ఇక సెలైన్ తప్పదు? వాంతి అయితే ఏం చేయాలి? వీటికి గట్టి జవాబులు ఇంకా లేవు. ఓఆర్‌ఎస్ పనితనాన్ని 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల నడుమ, బన్‌గావ్ శిబిరంలో కలరా రోగుల మీద నిరూపించింది మన దేశపు డాక్టరు దిలీప్ మహలనబీస్. సెలైన్ సీసాలు అయిపోయి, గత్యంతరం లేక ఆయన ఆ ప్రశ్న వేసుకున్నారు. కాలిన రోగి విషయంలో ఆ ప్రశ్న వేయాల్సింది కూడా సీసాలు అందని దారిలో ఉన్నవాళ్లే.